కొంగు కుచ్చులు

హిందూపురంలో ధర్మవరం బస్సెక్కాను. అమ్మ పోయాక ఆమె పట్టుచీర కట్టుకోవడం అదే మొదటిసారి. పెనుకొండలో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ, నా కొంగున ఒక కుచ్చు ఊడిపోయి ఉండటం చూసి, అడక్కుండానే ఒళ్లోకి లాక్కుని దారాలు పేని ముడేసింది. పక్క కుచ్చులు చూసి ఆగింది.

“ఇవి ఎవురు కట్టినారు పాపా?”

“మా అమ్మ. ఇప్పుడు లేదు.”

“ఎడమచేతి వాటమా? పురి ఎదురు తిరిగి ఉండాది.”

అవునన్నాను. ఎడమచేత్తో వడ్డిస్తుందని పెళ్లిళ్లలో అమ్మ చేతి గరిటె లాగేసుకునేవాళ్లు.

ఆవిడ తను వేసిన ముడి విప్పేసింది. “ఆయమ్మ మాదిరే పేనుతాలే,” అంటూ ఎడమచేత్తో, తడబడుతూ, మళ్లీ కట్టింది.

ఇప్పుడు ఆ వరసలో ఆవిడ కట్టిన కుచ్చు ఏదో ఎంత వెతికినా నాకు దొరకదు.