బిట్‌కాయిన్ పెట్టెకు బోరు ఆటోస్టార్టర్

ఈ పని ఇంకెవడైనా చేసి ఉంటే చెంపలు వాయించేవాణ్ణి. చేసింది నేనే కాబట్టి ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటున్నాను. వినండి, మీకూ ఒళ్లు మండుతుంది.

బిజినేపల్లిలో మా ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక ఒక కంప్యూటర్ నడిపేవాణ్ణి. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ దాచి, అడిగిన వాళ్లందరికీ నెట్‌లో పంచిపెట్టే నోడ్ అది. నాకు పైసా రాదు, వట్టి గొప్ప! ఇంట్లో నెట్టంతా అదే తాగేది.

అలాంటి ఇంట్లో మా చెల్లెలు స్వప్నకు వీడియోలో ఇంటర్వ్యూ పడింది. కస్టమర్ల ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఎన్నో చోట్ల కాదనిపించుకున్నాక వచ్చిన పిలుపు.

"అన్నా, గా డబ్బ జర బంద్ పెట్టు. నీ కాళ్లు మొక్కుత."

"బంద్ ఎందుకే? అది నెట్ ముట్టకుండ చేసిన. నువ్వు పరేషాన్ గాకు."

నిజమే, నోడ్‌లో నెట్ ఆపే మీట నొక్కాను. కానీ కరెంటు పోయి వస్తే బోరు మోటారు తనంతట తానే ఎక్కేలా ఆటోస్టార్టర్ పెట్టుకునే బుర్ర కదా నాది! ఆ పెట్టెకూ అలాంటి ఏర్పాటే చేసి మురిసిపోయి ఉన్నాను.

ఇంటర్వ్యూ మధ్యలో కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. ఇన్వర్టర్ మీదున్న నెట్ డబ్బా ఆగలేదు గానీ, కాసేపటికి తెర మీది సార్లు తెరిచిన నోళ్లు తెరిచినట్టే బిగుసుకుపోయారు. స్వప్న కళ్లల్లో నీళ్లు. నాకు కోపం నషాళానికి అంటింది. మా ఊళ్లో నెట్ ఇచ్చే కేబుల్ యాదన్నకు ఫోన్ కొట్టాను.

"ఏం నెట్టు నడుపుతున్నవే? సిగ్గున్నదా నీకు?"

"ఊరంత మంచిగనే ఉన్నది. నోరు జర దగ్గర పెట్టుకో!"

"నా చెల్లె బతుకు ఆగం చేస్తివి! ఈడికి రా, నీ సంగతి చెప్త!"

నేనిలా రంకెలేస్తుంటే స్వప్న డ్రమ్ము వెనకకు తొంగి చూసింది. పెట్టె లైట్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను నొక్కిన మీట ఆ పెట్టె ఆరిపోయేదాకానే పనిచేస్తుందట. కరెంటు రాగానే అది లేచి, మళ్లీ నెట్ మీద పడింది. స్వప్న వైరు పీకి పారేసింది. తెర కదిలింది. నా తిట్లన్నీ సార్లకు వినపడ్డాయి.

"ఎవరమ్మా ఆ అరిచేది?"

"మా అన్న సార్. తప్పు ఆయనదే, కేబులాయనను తిడుతున్నడు."

"ఇలాంటి కస్టమర్ ఫోన్ చేస్తే ఏం చేస్తావు?"

"మొత్తం తిట్టనిస్త సార్. అయినంక, నీ ఇంట్ల ఏ డబ్బ నడుస్తుందో చూసుకో అని చెప్త."

ఉద్యోగం వచ్చింది. నా అరుపుల పుణ్యాన వచ్చింది! స్వీటు డబ్బా మాత్రం యాదన్నకు ఇచ్చింది. నాకు ఒక్క ముక్కయినా పెట్టలేదు.

అందుకే బియ్యం డ్రమ్ము మీద చెయ్యేసి ఒట్టు పెడుతున్నాను. నోడ్‌కు రోజుకు ఇంతే అని, ఆరి లేచినా చెదరని నెట్ కోటా కట్టేశాను, ఆటోస్టార్టర్‌ను బోరుకే అప్పజెప్పాను. ఇకనుంచి యాదన్నను తిట్టాలంటే, ముందు డ్రమ్ము వెనక చూసొచ్చే తిడతాను.