గట్టత్త సముద్రంలో దిగిన రోజు

ఆ ఇంటివాళ్ళు నలుగురు ఒకచోట చేరితే చాలు, గట్టత్త సముద్రంలో దిగిన కథ బయటికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కాస్త పెరిగే వస్తుంది. మునిగిపోతున్న మేనల్లుణ్ణి ఆమె జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చుకొచ్చిందని కొందరంటారు. ఆ వేసవిలో ఎండకు తాళలేక వాడికి నున్నగా గుండు గీయించారు కనుక ఈ వాదన నిలవదు. ఆమె ఇసుకలో కునుకు తీయబట్టే పిల్లవాడు తప్పిపోయాడని మరదలి పిన్ని అంటుంది. ఆ పిన్ని ఆ రోజు అక్కడ లేదు. ఉన్నవాళ్ళెవరూ ఆ మాట అనలేదు. అక్క కుట్టిన నారింజ రంగు చొక్కాలే తన కొడుకును కాపాడాయని తమ్ముడు చెబుతాడు. అభిమానంతో చెబుతాడు గాని, జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. ఆనాటితో ఆమెకు నీళ్ళ భయం వదిలిపోయిందన్న మాట కూడా తప్పే. మరుసటి వేసవిలోనూ ఆమె చీలమండ తడిసేదాకా వచ్చి అక్కడే ఆగింది.

చూసినవాళ్ళ మాటల్లో ఒకదానితో ఒకటి పొసిగినవాటినే తీసుకుంటే మిగిలే కథలో సాహసాలు తక్కువ. 

ఆమె కుట్టుపని చేసేది. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ పక్కన మిషను, మధ్యలో గుడ్డ కత్తిరించే పొడవాటి బల్ల, మూలన తల తిప్పుతూ కిరకిరలాడే ఫ్యాను. వేసవి సెలవులు మొదలైతే తమ్ముడి పిల్లలు ఆ గదిని ఆక్రమించేవారు. మధ్యాహ్నం ఎండ పేట్రేగినప్పుడు బల్ల కింద చల్లని గచ్చు మీద వరుసగా పడుకుని, ఫ్యాను తమ వైపు తిరిగినప్పుడల్లా నోళ్ళు తెరిచి ‘ఆ...’ అని గాలిలోకి అరిచేవారు. గొంతు వణికితే పకపకా నవ్వులు. పైన ఆమె కాళ్ళు మిషను తొక్కుతూనే ఉండేవి. పెద్దపిల్లకు తొమ్మిదేళ్ళు. తర్వాత కవలలు. అందరికంటే చిన్నవాడు నాలుగేళ్ళ బొంగరం; కూర్చోబెట్టినచోట కూర్చోడు కనుక ఆ పేరు.

బొంగరానికి స్నానమంటే పడదు. బస్సు డ్రైవరైన వాళ్ళ నాన్న దానికొక ఉపాయం కనిపెట్టాడు. సాయంత్రం డ్యూటీ దిగి వస్తూనే గుమ్మంలో నిలబడి, “ఒరేయ్ బొంగరం, దొరికావు!” అని అరిచేవాడు. వాడు కిలకిలా నవ్వుతూ ఆ గొంతుకు ఎదురుదిక్కున పరుగు తీసేవాడు. ఎదురుదిక్కున ఉండేది స్నానాలగది. లోపల వాళ్ళమ్మ తయారుగా నిలబడేది. వేసవి ముదిరేసరికి ‘దొరికావు’ అనే పని కూడా లేకపోయింది. ఎవరు ఏ మూలనుంచి “బొంగరం” అని కేకేసినా చాలు, వాడి కాళ్ళు వాటంతటవే కదిలేవి, కేక వచ్చిన వైపుకు వీపు పెట్టి. ఇంటిల్లిపాదీ దాన్ని చూసి మురిసిపోయారు. గట్టత్త కూడా మురిసిన మాట దాచనవసరం లేదు.

గట్టత్త అన్నది పిల్లలు పెట్టిన పేరు. ఆమె చిన్నప్పుడు ఒక అల ఆమెను పడదోసి, లోపలికి లాగి, ఏమనుకుందో ఏమో, మళ్ళీ ఇసుకలో పారేసి పోయింది. ముక్కులో ఆ ఉప్పు మంట ఆమెకు ఎన్నటికీ చల్లారలేదు. అయినా ప్రతి వేసవిలో పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్ళమని తమ్ముణ్ణి పోరేది ఆమే. తీరా వెళ్ళాక గట్టునే నిలబడేది. కూర్చోదు, కళ్ళు తిప్పదు.

“అత్తా, ఒక్క అడుగు రా! నీళ్ళు కరవవు!” అని కవలలు చేతులు పట్టి లాగేవారు.

“నన్ను ఒకసారి కరిచాయి. మీరు ఆడుకోండి, నేను చూస్తాను.”

“ఎంతసేపు చూస్తావు? అదే సముద్రం కదా!”

“సముద్రాన్ని ఎవరు చూస్తున్నారు? మిమ్మల్ని.”

చూడటానికి వీలుగా ఆ ఏడు ఆమె ఒక ఏర్పాటు చేసింది. ఎవరో కర్టెన్లకని తెచ్చి, కళ్ళు మండిపోతున్నాయని వదిలేసిన ముదురు నారింజ రంగు గుడ్డ దుకాణంలో పడి ఉంది. దానితో నలుగురికీ ఒకే రకం చొక్కాలు కుట్టింది. పెద్దపిల్ల అద్దంలో చూసుకుని మొహం మాడ్చుకుంది.

“అత్తా, రోడ్డు తవ్వేచోట అడ్డం పెట్టే డబ్బాల్లా ఉన్నాం.”

“వాటిని ఎవరూ గుద్దరు కదా? అందుకే.”

ఆ ఆదివారం అరువు తెచ్చిన వ్యానులో అందరూ బయలుదేరారు. ఇసుక తిన్నె ఎక్కి అవతలికి చూసిన క్షణంలో ఎప్పటిలాగే పిల్లలందరూ ఉన్నచోటే ఆగిపోయారు. ఏటా చూస్తున్నదే, అయినా ఏటా అంతే. బొంగరం మాత్రం చాలాసేపు ఆలోచించి, “దీన్ని ఎవరు ఆపుచేస్తారు?” అని అడిగాడు.

జనం బాగా ఉన్నారు. కాపలావాళ్ళ మంచె దూరంగా, తీరం రెండో కొసన ఉంది. ఈ కొసన నల్లటి బండలు వేలు చాచినట్టు నీళ్ళలోకి సాగి, చివర ఒక పలకబండతో ఆగిపోతాయి. తమ్ముడు ఐస్ తేవడానికి రోడ్డు మీదికి వెళ్ళాడు. మరదలు కవలల ఒంటికి అంటిన ఇసుక దులుపుతోంది. గట్టత్త నిలబడి చూస్తోంది. రెండు నారింజ చొక్కాలు మరదలి దగ్గర, ఒకటి గవ్వలేరుతూ, ఒకటి తడి ఇసుకలో గొయ్యి తవ్వుతూ. నలుగురూ ఉన్నారు. మళ్ళీ చూసింది. నలుగురూ ఉన్నారు.

గొయ్యి తవ్వుతున్న పిల్లవాడు తల తిప్పాడు. ఆ మొహం ఆమె ఎరగదు.

ఆమె వెళ్ళి వాడి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. “ఈ చొక్కా ఎక్కడిది నాన్నా?”

“గుండోడు ఇచ్చాడు. నా ఎర్ర బకెట్ వాడు తీసుకున్నాడు,” అని చెప్పి, ఎందుకైనా మంచిదని ఆ పిల్లవాడు చొక్కాను రెండు చేతులా పట్టుకున్నాడు. “బేరం అయిపోయింది. మళ్ళీ ఇవ్వను.”

నారింజ రంగును నమ్ముకుని తన చూపు ఎంతసేపు పరాయి పిల్లవాడికి కాపలా కాసిందో ఆమెకు తెలియదు. లేచి, ఇక రంగు కోసం వెతకడం మానేసి, ఎర్ర బకెట్ కోసం వెతికింది. అది బండల చివర, పలకబండ మీద కనిపించింది. చొక్కా లేని చిన్న వీపు ఎండకు మెరుస్తోంది. కుడివైపు అలలు బండకు కొట్టుకుని వాడి తల ఎత్తుకు లేస్తున్నాయి. ఒక్కో అల వెనక్కి తగ్గగానే వాడు వంగి, బకెట్‌తో నీళ్ళు ముంచి, తిరిగి సముద్రం మీదే పోస్తున్నాడు. నీళ్ళు పోటెక్కుతున్నాయి, పలకబండ అంచు అప్పుడప్పుడు కనబడకుండా పోతోంది.

మరదలు కూడా అప్పుడే చూసింది. కేక కోసం ఆమె నోరు తెరవడం, గట్టత్త అరచేయి ఆ నోటికి అడ్డం పడటం ఒకేసారి జరిగాయి.

“పిలవకే! పిలిచావంటే పరిగెడతాడు. ఎటు పరిగెడతాడో చూడు.”

మరదలు చూసింది. ఇటునుంచి పిలిస్తే వాడికి ఎదురుదిక్కున మిగిలేది లోతే.

“వదినా... అయితే నేను మెల్లగా బండలమీదుగా...”

“నువ్వు కనబడితే చాలు, ఆట మొదలైందనుకుంటాడు. కవలల్ని వదలకు. బండల మొదట్లో కూర్చో, వాడు చూసినా చూడనట్టు ఉండు.” పెద్దపిల్ల వైపు తిరిగింది. “నువ్వు మీ నాన్న దగ్గరికి పరిగెత్తు. వాడి పేరు ఎత్తొద్దని ముందు చెప్పు. మిగిలింది తర్వాత చెప్పు.”

“మరి నువ్వెక్కడికి అత్తా?”

ఆమె బట్టలు పైకి దోపుకుని, బండలకు ఎడమవైపు నీళ్ళలో దిగింది.

ఎడమవైపు, బండల చాటున, అలలు విరగవు, నీళ్ళు ఉబ్బుతాయి, తగ్గుతాయి. బండను పట్టుకుని, అంచు వెంట కుట్టు వేసినట్టు, చేతికి చేయి మారుస్తూ నడిచింది. మోకాలు మునిగింది. నడుము మునిగింది. చల్లదనం ఛాతీకి తగిలినప్పుడు చిన్ననాటి ఆ ఉప్పు మంట ముక్కులోకి వచ్చేసింది. బండకు అతుక్కున్న గుల్లలు అరచేతిని కోస్తున్నాయి. ఒకచోట కాళ్ళ కింద నేల లేదు. నీళ్ళు ఆమెను ఎత్తాయి. ఎత్తినవి, ఆమె ఊహించినట్టు విసిరేయలేదు, తీసుకొచ్చి మళ్ళీ నేలకు అప్పగించాయి. మళ్ళీ ఎత్తాయి, మళ్ళీ దించాయి. ఇన్ని వేసవులుగా తాను చూసింది సముద్రపు అంచునేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. అంచు చూసి గుడ్డ ఎంతుందో చెప్పగలనని ఇంతకాలం అనుకుంది. ఇప్పుడు గుడ్డ మొత్తం కదులుతోంది, ఆకాశం మొదలయ్యేదాకా, ఎవరూ తొక్కని మిషను మీద. భయం తగ్గలేదు. అంత పెద్దదాని ముందు ఆ భయాన్ని పట్టించుకునే తీరిక మాత్రం లేకపోయింది.

బండల మొదట్లో అప్పటికి తమ్ముడు వచ్చాడు. చేతిలో ఐస్ కరిగి మోచేతిదాకా కారుతోంది. నోరు తెరిస్తే కొడుకు పేరు వచ్చేస్తుందని పెదవులు పళ్ళతో బిగబట్టాడు. తాను నేర్పిన ఆట ఇంత దూరం వస్తుందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

పలకబండ చివర, సముద్రం వైపునుంచి, గట్టత్త తల పైకి లేచింది.

బొంగరం బకెట్ ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. సముద్రంలోంచి ఏదైనా రావచ్చని వాడు నమ్ముతాడు. గట్టత్త రావడం మాత్రం నమ్మలేకపోయాడు.

“అత్తా! నువ్వు... లోపల్నుంచి వచ్చావా?”

ఆమె బండ అంచును రెండు చేతులా పట్టుకుంది. ఊపిరి అందడం లేదు. “నువ్వేం చేస్తున్నావురా ఇక్కడ?”

“దీనికి స్నానం చేయిస్తున్నా. ఎంత పోసినా అవ్వట్లేదు.”

“రేపు చేయిద్దాం. చాలా పెద్దది కదా.”

వాడి భుజం మీదుగా చూసింది. వాడికీ ఇసుకకూ నడుమ బండలు పొడిగా ఉన్నాయి, ఖాళీగా ఉన్నాయి. చివర తమ్ముడు చేతులు చాచి నిలబడ్డాడు. ఆమె ఉన్న ఊపిరంతా కూడదీసుకుంది.

“ఒరేయ్ బొంగరం, దొరికావు!”

వాడి మొహం విచ్చుకుంది. బకెట్ పారేశాడు. కిలకిలా నవ్వుతూ, గట్టత్త గొంతుకు వీపు పెట్టి, సముద్రానికి వీపు పెట్టి, బండలమీదుగా ఇసుకవైపు పరుగు తీశాడు. వాడి జీవితంలో అంత మంచి ఆట ఎప్పుడూ దొరకలేదని ఆ నవ్వు వింటేనే తెలిసేది. తండ్రి వాణ్ణి గాలిలోనే అందుకున్నాడు. మరదలు అక్కడే ఇసుకలో కూర్చుని, అప్పటిదాకా ఆపిన కేకనంతా ఏడుపుగా వదిలేసింది.

“మళ్ళీ!” అన్నాడు బొంగరం.

కొడుకును భార్య ఒళ్ళో పడేసి తమ్ముడు బండలమీదుగా పరుగెత్తాడు. అక్క ఇంకా నీళ్ళలోనే ఉంది. వంగి చేయి చాచాడు.

“అక్కా, చేయివ్వు. వచ్చేయ్.”

“ఉండరా.”

“ఏం ఉండటం? అల వస్తోంది!”

“రానీ. కాస్త చూడనీ.”

ఆమె మొహం తీరంవైపు ఉంది. గట్టును నీళ్ళవైపునుంచి ఆమె ఎన్నడూ చూడలేదు. అంత జనమూ, అన్ని గొడుగులూ, తాను ఏళ్ళ తరబడి కాళ్ళు పాతుకుని నిలబడ్డ ఆ చోటూ, అన్నీ కలిపి ఒక సన్నని చారలా ఉన్నాయి. దాని మీద నాలుగు నారింజ చుక్కలు. వాటిలో ఒకటి ఎవరి పిల్లవాడో. నారింజ రంగు లేని చిన్న చుక్క ఒకటి తల్లి ఒళ్ళో గింజుకుంటోంది. ఇంత పెద్ద దాని పక్కన ఇంత చిన్నవాళ్ళను ఆడుకోవడానికి వదిలి, సాయంత్రానికి అందరినీ ఇంటికి తీసుకుపోతున్నాం, ఏటా, ఎంత ధైర్యంగా, అనుకుంది. తర్వాత చేయిచ్చింది.

మర్నాడు పొద్దున మిషను ముందు కూర్చుంటే కోసుకున్న అరచేయి గుడ్డను సాఫీగా పట్టలేదు. కొన్నాళ్ళు పని మందగించింది. ఆ ఇంట్లో సాయంత్రపు ఆట ఆగిపోయింది; బొంగరాన్ని స్నానానికి ఎత్తుకుపోవలసి వచ్చేది, వాడు వీధి వీధంతా వినబడేలా ఏడ్చేవాడు. నారింజ చొక్కా తిరిగి రాలేదు. బేరం బేరమేనని ఆమె దాన్ని అడగనూ లేదు.

కనుక తేలింది ఇది. ఆమె ఈదలేదు. ఎవరినీ నీళ్ళలోంచి తీయలేదు. పిల్లవాడు నీళ్ళలో పడనే లేదు. పిలిస్తే వాడు ఎటు పరిగెడతాడో తెలుసుకుని, నోరు మూసుకుని, మిగతావాళ్ళ నోళ్ళు మూయించి, తనకు అన్నిటికంటే భయమైన వైపునుంచి చుట్టి వెళ్ళి, అక్కణ్ణుంచి పిలిచింది.