ఎద్దు లేని బందం

ఇంగ్లీషు పంతులుగా కొత్తగా చేరిన రోజులవి. పెద్దపల్లిలో ఎక్కిన ప్యాసింజరు మూడో తరగతి పెట్టెలో కాలు కదిపే చోటు లేదు. నిలబడే నిఘంటువు తెరిచాను. పక్కన జనంలో నలుగుతున్న నడివయసు రైతు, "ఏం సదువుతున్నవు సారూ?" అని అడిగాడు.

"పెస్టర్ అనే మాట. గిప్పుడు సతాయించుడని అర్థం. ఎనకట గిట్ల ఒక్క తావుల మందిని కుక్కుడుకు గూడ గదే మాటనట. అసలు పుట్టింది మాత్రం మేతకిడిసిన గుర్రం కాళ్లకు బందమేసే కాడ."

అతను సంచిలోంచి అరిగిన తాడొకటి తీసి చూపించాడు. దానికింకా తెల్ల వెంట్రుకలు అంటుకొని ఉన్నాయి.

"గిదే గద బందం. పొద్దుగాల అంగట్ల ఎద్దునమ్మిన. ఎద్దునిచ్చినా తాడియ్యం సారూ. ఇంట్ల కొయ్యకు తగిలిస్తే ఇంకో ఎద్దు అస్తదంటరు."

"అయితే ఇంటికేనా?"

"ఇల్లెక్కడిది? భూమితోని గదీ పాయె. బొగ్గుబాయిల పనికి పోతున్న."

తాడును పదిలంగా చుట్టి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. బెల్లంపల్లిలో జనం తోస్తుంటే, సంచిని గుండెకు అదుముకొని దిగిపోయాడు. ఆ తాడును ఇక ఏ కొయ్యకు తగిలిస్తావని అడగలేకపోయాను.

తరువాత పెస్టర్ అనే ఆ మాట పాఠాల్లో చాలాసార్లు వచ్చింది. అర్థం చెప్పి, ఓ వాక్యం రాయించి, పేజీ తిప్పేవాణ్ని. ఎక్కడ పుట్టిందో మాత్రం పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు.