అత్త అడ్డాకుల కట్ట

మా ఎదురింటి అత్త గత వారం నిద్రలోనే పోయింది. తెల్లారి గేదెను పితకడానికి లేవకపోతే వాళ్ళాయన తట్టి చూశారట. నాకు వరసకి ఏమీ కాదు గానీ మా పేటలో ఆవిడ అందరికీ అత్తే. పేట వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చేసరికి నేను నర్సీపట్నం ఆఫీసుకి క్యారేజీ సర్దుకుంటున్నాను. కాసేపట్లో గ్రూపు నిండా దణ్ణం పెట్టే చేతులే. వాటిలో నావీ ఉన్నాయి.

రోలుగుంట రోడ్డు మీద ఆటో దిగి చెరకు తోటల మధ్య కాస్త నడిస్తే మా పేట. రెండు వరసల ఇళ్ళు, మధ్యన సిమెంటు రోడ్డు. ఎవరింట్లో చావు జరిగినా ఆ రోజు ఆ ఇంట పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు అన్నం తేవాలి. ఇరుగుపొరుగని పేరే గానీ, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ తెచ్చింది ఈ అత్త ఒక్కతే. స్మశానానికి వెళ్ళిన మగవాళ్ళు తిరిగొచ్చి స్నానాలు చేసేలోపు పప్పూ, చారూ, అన్నం నెత్తిన పెట్టుకుని, చంకలో అడ్డాకుల విస్తళ్ళ కట్టతో వచ్చేసేది.

మా మావగారు పోయినప్పుడు నాకు ముద్ద దిగలేదు. అత్త నా ముందు కూలబడి చారన్నం కలిపి, "ఏడవడానికీ బలం కావాలే పిల్లా. ముందు తిను, తినీసి ఏడుద్దువుగాని" అంది. తిన్నాను. ఆ చారు ఎంత రుచిగా ఉందో. ఇంట్లో శవం లేచిన రోజున అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాను కూడా.

మాట మాత్రం మెత్తన కాదు. నర్సీపట్నం బజారుకి వెళ్తే, కొండ మీది ఆడవాళ్ళు తెచ్చి అమ్మే విస్తళ్ళు కొనకుండా వచ్చేది కాదు. ఒకసారి ఆటోలో ఆ కట్ట చూసి, "ఇప్పుడెవరి కోసం అత్తా ఇవి?" అని వేళాకోళం చేశాను.

"నీ కోసమే అనుకో. ఎవులికెప్పుడు రాసుందో ఏటి తెలస్తాది?" అంది. ఆటోలో అందరూ నవ్వారు.

ఆవిడ పోయిన రోజు పేటంతా వచ్చింది. పిల్లలు లేరు. రావికమతం నుంచి ఆవిడ అక్కగారు వచ్చారు, సరిగ్గా నడవలేని మనిషి. మధ్యాహ్నానికి దహనం అయిపోయింది. ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళి, తలస్నానాలు చేసి, అన్నాలు తిన్నాం. వాళ్ళకి అన్నం పంపాలన్న సంగతి నాకు తట్టలేదంటే అబద్ధం. పక్కింటామె పంపుతుందిలే అనుకున్నాను. ఆమె నేను పంపుతానని అనుకుందట. అసలు సంగతి అది కూడా కాదు. ఆ పని అత్తదేనని మా అందరికీ ఎక్కడో లోపల ఉండిపోయింది. ఆవిడ పోయిందని ఏడ్చి వచ్చినవాళ్ళమే, ఆవిడ చూసుకుంటుందన్నట్టు ఇళ్ళల్లో కూర్చున్నాం.

సాయంత్రం గుమ్మంలోకి వస్తే ఎదురింటి పెరట్లోంచి పొగ లేస్తోంది. వెళ్ళి చూస్తే అత్త వాళ్ళ పెద్దాయన భుజాన తువ్వాలుతో పొయ్యి ముందు గొంతుక్కూర్చుని గంజి కాస్తున్నారు.

"మీరు పొయ్యి ముట్టించడమేటండీ" అన్నాను.

"వదిన సుగరు మనిసమ్మా. పొద్దుటేల నుంచి ఏటీ తినలేదు. కళ్ళు తిరుగుతున్నాయంతంది." నా ముఖం చూసి, ఆయనే నన్ను ఓదార్చబోయారు. "నువ్వేటనుకోకు. అదుంటే ఈపాటికి అన్నం తెచ్చీసును."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికెళ్ళి గబగబా అన్నం, పప్పు వండి తీసుకెళ్ళాను. విస్తళ్ళ ఊసే నాకు గుర్తులేదు. ఆయన అటక మీంచి అత్త కట్ట దింపారు. పాత చీర పేలికతో ఆవిడ వేసిన ముడి బిగుసుకుపోయి ఉంది. ఎలాగో విప్పి రెండు ఆకులు తీశాను. ఇద్దరూ తిన్నారు. పప్పులో ఉప్పు చాలలేదు.

నేను వచ్చేస్తుంటే పెద్దాయన మిగిలిన ఆకుల్ని మళ్ళీ అదే పేలికతో కట్టి నా చేతిలో పెట్టారు.

"నీ కాడ ఉంచమ్మా. ఇక్కడుంటే చెద పట్టీస్తాది."

ఆ కట్ట ఇప్పుడు మా వంటింటి అటక మీద ఉంది. అందులో ఇంకా చాలా ఆకులున్నాయి. రోజూ దాని కిందే వంట చేసుకుంటున్నాను గానీ, తలెత్తి అటు చూడలేకపోతున్నాను.