నా బేస్‌బాల్ నౌకరి

ఒక శుక్రవారం, సాయంత్రం సరిగ్గా నాలుగున్నరకు, బహ్రెయిన్‌లో రిఫా దగ్గర ఒక మట్టి మైదానంలో నా బేస్‌బాల్ నౌకరి ఊడింది. ఆ రోజుల్లో మా జగిత్యాల వైపు నుంచి దుబాయి పోయినవాళ్ళు (మాకు బహ్రెయిన్ కూడా దుబాయే) కూలీలయ్యారు, డ్రైవర్లయ్యారు. ఆట ఆడి జీతం తీసుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. గొప్పేం కాదు, ఆ జీతం రెండు శుక్రవారాల ఓవర్‌టైమే.

అరాద్‌లో మేం కడుతున్న బిల్డింగుకు నేను ఇటుకలు అందించేవాణ్ణి. కింద నుంచి విసిరిన ఇటుక పై అంతస్తులో మేస్త్రీగా ఉన్న మా బావ చేతుల్లో పువ్వులా వాలేది. అది మా కంపెనీ ఇంజనీరు, అమెరికా సాబు, చూశాడు. ఆయనకు బేస్‌బాల్ పిచ్చి. శుక్రవారం శుక్రవారం పక్క కంపెనీ జట్టుతో ఆడి ఓడిపోయి వచ్చేవాడు. ఈ చేయి తనకు కావాలని (ఆ చేతికి అప్పటికి సంతకం కూడా రాదు), గెలిపిస్తే నన్ను మీనా సల్మాన్ రేవు గోదాములో స్టోరు డ్యూటీకి మారుస్తానని మలబారి ఫోర్మన్‌తో చెప్పించాడు. స్టోరంటే ఏసీ. జూన్ ఎండలో ఇటుకలు మోసేవాడికి అంతకంటే ఏం కావాలి?

మొదటి శుక్రవారం బంతి విసరమన్నారు. ఇటుక విసరడానికి పద్ధతి ఒకటే: అందుకునేవాడికి కష్టం కాకూడదు. అవతల బ్యాటు పట్టుకున్నవాళ్ళలో ఒక్కడికి కూడా కష్టం కాలేదు. ఎవడికి తోచిన దిక్కుకు వాడు బాదాడు. సాబు టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

“ఏందిర బామ్మర్ది, ఆళ్లకు ముద్దలు కలిపి పెడ్తున్నవా?” అన్నాడు నాతోపాటు ఆట చూడ్డానికి వచ్చిన బావ.

రెండో శుక్రవారం, ఇదే ఆఖరు అని చెప్పి, నన్ను కొట్టేవాళ్ళలో వేశారు. కొట్టాక నాలుగు మూలలూ చుట్టి ఉరికి రావాలని ఫోర్మన్ హిందీలో చెప్పాడు. తలూపాను. నా వంతు వచ్చేసరికి ఇంకొక్క పరుగు చేస్తే గెలుపు మాదే.

కొట్టాను. బంతి మైదానం ఆ చివర ఎక్కడో ఇసుకలో పడింది. ఆ క్షణంలో నా తలలో సాబు లేడు, ఫోర్మన్ లేడు. చిన్నప్పుడు మా వాడలో ఆడిన చిర్రగోనె, అదే గిల్లీదండా, ఒక్కటే ఉంది. చిర్రను అంత దూరం కొట్టినవాడు ఏం చేస్తాడు? చేతిలోని గోనె కట్టెతో కొలుస్తాడు. నేనూ వంగి, బ్యాటును నేల మీద పెట్టి, తిప్పి, మళ్ళీ పెట్టి, కొలుచుకుంటూ బంతి వైపు బయలుదేరాను. (తర్వాత ఎవడూ తొండి అనకుండా పైకే లెక్కపెట్టాను.)

మా జట్టంతా కేకలు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

“కొలుసుడు కాదుర, ఉరుకు. స్టోరు పోతది,” అని బావ నెత్తి కొట్టుకున్నాడు.

నేను తలెత్తేలోపల అవతలి జట్టులోని పొడుగు ఫిలిప్పీన్ ఆయన బంతి తెచ్చి నా వీపుకు ఆనించాడు. ఖలాస్, నేను అవుటు, ఆట పోయింది.

ఏం చేస్తున్నాడితను అని సాబు అడిగితే బావ విప్పి చెప్పాడు. సాబు అక్కడే మట్టిలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఇంత నవ్వాడు కదా, స్టోరు ఇస్తాడనుకున్నాను. మర్నాడు పొద్దున ఫోర్మన్ యల్లా అని ఇటుకల దగ్గరికే తోలాడు.

ఇప్పుడు ఆ మైదానంలో విల్లాలు లేచాయి. కారులో అటు పోయినప్పుడల్లా ఈ ముసలి మెడ దానంతటదే తిరుగుతుంది. నేను అవుటయ్యానని ఎవరినడిగినా చెబుతారు. ఎంత దూరం కొట్టానో మాత్రం ఎవరికీ తెలియదు, కొలత సగంలో ఆపించారు. ఆ రోజు అక్కడున్నది మా బావ, అమెరికా సాబు, మలబారి ఫోర్మన్, ఆ పొడుగు ఫిలిప్పీన్ ఆయన, పేర్లు నాకు తెలియని రెండు జట్లవాళ్ళు, ఇంకా బ్యాటుతో నేల కొలుస్తున్న ఒక పిచ్చి పోరగాడు.