ఒక వేలు సందు

నిండు నెలల మగబిడ్డ, ఒంట్లో ఎనిమిది కిలోలు, నలుగురిలో తలెత్తుకుని కూర్చోవడం. ఆ కాన్పులో మా తోడికోడలు పోగొట్టుకున్నవి ఇవి. పొట్ట మాత్రం పోలేదు. పుల్లలాంటి మనిషికి అదొక్కటే ముందుకుండేది. ఎవరైనా చూస్తే ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కునేది.

మాచర్ల బస్సులో ఒక పెద్దావిడ లేచి, "కూర్చో అమ్మాయ్, ఎన్నో నెల?" అంది. మా తోడికోడలు కూర్చోకుండా నరసరావుపేట దాకా నిలబడే వచ్చింది.

అక్కడ డాక్టరమ్మ బొడ్డు పైన వేళ్లు పెట్టి కొలిచింది.

"కొవ్వు కాదమ్మా, కాన్పుకి కండరాలు విడిపోయినయి. మూడు వేళ్ల సందుంది. మోకాళ్లు మడిచి పడుకుని, ఊపిరి వదులుతా పొట్ట లోపలికి లాగు."

రోజూ చేసింది. రెండు వేళ్ల మేర మూసుకుంది. ఆపైన మానేసింది.

"ఆ కాస్తా చెయ్యవే" అన్నాను.

"ఉండనీ అక్కా. వాడున్న చోటు కదా."

ఒక వేలు ఇప్పటికీ బాకీ.