మస్కట్‌లో కనపడాల్సిన పెళ్లి

రాజోలు బస్టాండు ఎదురుసందులో రమణి డీటీపీ సెంటర్ బోర్డు చిన్నదే. దాని మీద 'వెబ్‌సైట్లు కూడా తయారుచేయబడును' అని ఒక్క ముక్క చేర్పించినందుకు సందుసందంతా నవ్వింది. నవ్వనివ్వండి, మనకేం పోయింది? శుభలేఖలు, బిల్లు పుస్తకాలు కొట్టుకునే ఆడమనిషికి ఈ వేషాలెందుకని మొహం మీదే అన్న ఘనులున్నారు. అమలాపురంలో కంప్యూటర్ కోర్సు చదివి వచ్చిన రమణికి మాటల కంటే పని మీదే ధ్యాస.

ఆమె చేసేవి పెళ్లి పేజీలు. మా వైపు ఏ ఇంట చూసినా ఒకడు మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉంటాడు. ఇంట్లో పెళ్లికి వాడికి సెలవు దొరకదు. ఫొటోగ్రాఫర్ వరప్రసాదం డిజిటల్ కెమెరాతో తీసిన ఫొటోలను రమణి వరసగా పేర్చి నెట్‌లో పెడితే, అక్కడ వాడు నెట్ సెంటర్‌లో కూర్చుని చూసుకునేవాడు. అదంతా ఫ్రంట్‌పేజ్ అనే ప్రోగ్రాంలో చేసేది. ఫొటో పెట్టి పబ్లిష్ బటన్ నొక్కితే చాలు, తక్కినదంతా అదే చక్కబెట్టేది. పేజీ వెనకాల కోడ్ అనేది ఒకటుంటుందని తెలుసుగానీ దాని జోలికి ఆమె ఎప్పుడూ పోలేదు.

2005 వేసవిలో, సర్వర్ అద్దెకిచ్చిన హైదరాబాద్ వాళ్లు మెయిల్ పెట్టారు. కొత్త సర్వర్ మీద ఆ బటన్ పనిచేయదు, వేరే ప్రోగ్రాం చూసుకోండి అని. రమణి అప్పటికే ఒక పెళ్లికి మాట ఇచ్చేసింది మరి. మలికిపురం వీరలక్ష్మిగారి అమ్మాయి తులసి పెళ్లి వచ్చే గురువారం రాత్రే. తండ్రి లేని పిల్ల. అన్న ప్రకాష్ మస్కట్‌లో ఎండల్లో మాడి ఈ పెళ్లి చేస్తున్నాడు. చేసే భారం వాడిది, చూసే యోగం మాత్రం లేదు. శుక్రవారం వాడికి సెలవు, నెట్ సెంటర్‌కి వెళ్లగలడు. ఆ సాయంత్రం కంపెనీ బస్సెక్కి ఎడారిలో క్యాంపుకి పోయాడంటే మళ్లీ ఎన్ని నెలలకో నెట్ చూడటం. "శుక్రవారం మీ చెల్లెలి పెళ్లి మీ కళ్లముందు పెడతానండి" అని రమణి వాడికి ఫోనులో చెప్పింది.

అమలాపురం నుంచి డ్రీమ్‌వీవర్ సీడీ తెప్పించుకుంది. తెరిస్తే స్క్రీన్ నిండా ఏవేవో డబ్బాలు, తెలిసిన బటన్ ఒక్కటీ లేదు. ఆ పబ్లిష్ బటన్ కోసం వెతికి వెతికి ఏడుపొచ్చింది.

"పాతదాన్నే ఎలాగోలా నడిపించెయ్యలేవా?" అన్నాడు భర్త కేశవరావు.

"నడవదండి. నేర్చుకోవాల్సిందే."

పంతం పట్టి నేర్చుకుంది. అయితే ఆ కొత్త ప్రోగ్రాంకి ముందుగా ఒక సంగతి చెప్పాలి, ఈ సైటు తాలూకు ఫొటోలన్నీ ఏ ఫోల్డర్‌లో ఉంటాయో. పాతదాని దగ్గర గారాబంగా పెరిగిన రమణి, అది తర్వాత చూద్దాంలే అని దాటేసింది. అక్కడే కొంప మునిగింది.

శుక్రవారం మధ్యాహ్నం దాటాక పేజీలు సర్వర్‌కి ఎక్కించింది. తన కంప్యూటర్‌లో ఫొటోలన్నీ నిక్షేపంలా ఉన్నాయి. నెట్టుకీ ఫోనుకీ ఒకటే లైను. నెట్ కట్ చేసిందో లేదో ఫోను మోగింది.

"రమణిగారండీ, ప్రకాష్‌నండి. అన్నీ ఎర్ర ఇంటూ గుర్తులేనండి. ఒక్క ఫొటో కూడా లేదండి."

"కాస్త ఆగండి. సరిచేసేస్తాను."

"ఆగుతానండి. బస్సు ఆగదు కదండి."

సరిగ్గా అప్పుడే వీరలక్ష్మిగారు పెళ్లి పట్టుచీరతోనే కొట్టులోకి వచ్చారు. "చూసేడా అమ్మా మావాడు?"

"ఇంకా లేదండి పిన్నిగారూ. తప్పు నాదే. కూర్చోండి."

ఎప్పుడూ చూడని ఆ కోడ్‌ని రమణి తెరిచింది. పంక్తి పంక్తీ వేలు పెట్టి చదివింది. ప్రతి ఫొటో దగ్గరా తన కంప్యూటర్ డిస్కు పేరే ఉంది. అంటే, మస్కట్‌లో ఉన్నవాణ్ణి రాజోలు వచ్చి తన కొట్టులో ఫొటోలు చూసుకోమన్నట్టయింది. సిగ్గేసింది, తనమీద తనకే ఒళ్లు మండింది. ఫోల్డర్ సంగతి ప్రోగ్రాంకి చెప్పి, చిరునామాలన్నీ దిద్ది, మళ్లీ నెట్ కలిపింది. మధ్యలో లైను తెగింది. మళ్లీ కలిపింది. నెట్ నడుస్తున్నంతసేపూ ఫోను మోగదు. వాడు ఉన్నాడో, బస్సెక్కేశాడో తెలిసే దారి లేదు.

పేజీలన్నీ ఎక్కాయి. నెట్ కట్ చేసి ఇద్దరూ ఫోను వంకే చూస్తూ కూర్చున్నారు. అది మోగగానే రమణి ఎత్తి ఆవిడ చేతికిచ్చేసింది.

"అన్నీ కనపడతన్నాయమ్మా. చెల్లి దోసిట్లో పేలాలు పోసిందెవరమ్మా? చేతులే ఉన్నాయి."

పెళ్లిలో ఆ పేలాలు పోయాల్సింది పెళ్లికూతురి తోడబుట్టినవాడు. ప్రకాష్ లేడు గనక వాళ్ల పెదనాన్న కొడుకు అంజిబాబు పోశాడు. ఉన్న ఫొటోల్లో చేతులు మాత్రమే పడినదాన్ని రమణి కావాలనే ఏరి పెట్టింది.

"మన అంజిబాబేరా. నీ బదులు నించున్నాడు" అన్నారు వీరలక్ష్మిగారు. "ఆ చేతులు నీవే అనుకో నాన్నా."

తర్వాత వాడు రమణిని పిలవమన్నాడు.

"నెట్ సెంటర్‌కొచ్చిన మా క్యాంపు కుర్రాళ్లందరూ చూసేరండి. ఎవరు చేసేరని ఒకటే అడుగుతున్నారండి. కింద మీ పేరు లేదేంటండి?"

"నా పేరెందుకులెండి."

"వెయ్యండి రమణిగారూ. మన రాజోలు పేరు కూడా వెయ్యండి. ఇక్కడ అందరూ చూడాలండి."

"ఆయ్, అలాగేనండి" అంది రమణి. ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుంది. మళ్లీ కోడ్ తెరిచి, ఏ బటన్ సాయమూ లేకుండా, అట్టడుగు పంక్తిలో 'రమణి, రాజోలు' అని తన చేత్తో కొట్టుకుంది.